తిరుగు చీటీ మీద పేరు

పోయిన వారం సూదక్కని ల్యాబు వరండాలో నిలబెట్టి వచ్చేశాం. చేతిలో ఒక కాగితం, ఎదుట బల్ల మీద ఒక మనిషి. కాగితం ప్రకారం ఆ మనిషి బతికి ఉండడానికి వీల్లేదు. ఆయనేమో కాలు మీద కాలు వేసుకుని పేపరు చదువుతూ, "ఏమ్మా, నా రిపోర్టు వచ్చిందా? ఇంటికెళ్ళి భోంచెయ్యాలి" అని అడుగుతున్నాడు.

ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. మన కథలో మాత్రం ఇరవై ఏడో నంబరు. పరీక్షకి ఒప్పుకుని చెయ్యి చాపిన నలభై మందిలో ఆయన వరస అది.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం ఆ పరీక్ష సంగతి మరోసారి చెప్పుకుందాం. సూదక్క ఈ ల్యాబులో ఇరవై ఆరేళ్ళుగా రక్తం తీస్తోంది. ఒక్క పోటుతో నరం పట్టేస్తుందనీ, ఆవిడ తీస్తే పసిపిల్లలు కూడా ఏడవరనీ పేరు. ఆవిడ తమ్ముడు గడియారాలు బాగుచేసేవాడు. పన్నెండేళ్ళు తంటాలు పడి, సూది కంటికి కనపడకుండా రక్తం తీసే పరికరం ఒకటి తయారుచేశాడు. చొక్కా బొత్తాం కన్నా కాస్త పెద్దది. జబ్బ మీద అతికించి నొక్కితే, కింద తగిలించిన బుల్లి ట్యూబులోకి చుక్క చుక్కగా రక్తం దిగుతుంది. అందరూ దాన్ని బొత్తాం అనే అంటారు. నలభై మందికీ సూదితో అక్క, బొత్తాంతో తమ్ముడు రక్తం తీశారు. రెండింటి అంకెలూ కలిస్తే బొత్తాం నెగ్గినట్టు. ఏ అంకె దేనిదో ఎవరికీ తెలియకూడదని పెద్ద డాక్టరమ్మ ఒకదానికి పసుపు చీటీ, ఒకదానికి నీలం చీటీ అంటించి, ఏ మనిషికి ఏ రంగు దేనిదో రాసిన కాగితం కవర్లో పెట్టి సీలు వేసేసింది. సోమవారం కమిటీ ముందు ఆ కవరు విప్పాలి.

ముప్పై తొమ్మిది మందికి అంకెలు చక్కగా కలిశాయి. ఇరవై ఏడో నంబరు దగ్గరే కథ అడ్డం తిరిగింది. నీలం చీటీలో పొటాషియం నాలుగు చిల్లర. పసుపు చీటీలో పద్నాలుగు. అయిదు దాటితేనే డాక్టర్లు కంగారు పడతారు. పద్నాలుగంటే గుండె ఎప్పుడో ఆగిపోయి ఉండాలి. పైగా అదే చీటీలో కాల్షియం దాదాపు సున్నా.

"ఇది యంత్రం తప్పు కాదు సూదక్కా," అంది పెద్ద డాక్టరమ్మ. ఆవిడ ఎప్పుడూ గొంతు పెంచదు, అదే ఆవిడతో వచ్చిన భయం. "ఎవరో ఊదా మూత ట్యూబులోంచి ఎర్ర మూత ట్యూబులోకి రక్తం ఒంపారు. ట్యూబులు అప్పగించే కిటికీ దాకా ట్రే ముట్టుకున్నవి మీ చేతులూ, మీ తమ్ముడి చేతులూ. సాయంత్రం అయిదులోపు నాకు సంగతి చెప్పండి. లేకపోతే మొత్తం పరీక్ష రద్దని కమిటీకి రాసేస్తాను."

అదీ సంగతి. ఇక కథలోకి వద్దాం.

"ఏమైనా తేడా వచ్చిందా అమ్మా?" అన్నాడు డ్రైవరు, సూదక్క మొహం చూసి.

"మీకేం, గుండ్రాయిలా ఉన్నారు. కాగితమే తప్పు పడింది. సోమవారం ఇంకోసారి రండి. ఈలోపు వెళ్ళి కడుపునిండా భోంచెయ్యండి."

ఆయన నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. సూదక్క మేడ మీది గదికి బయల్దేరింది. ఉన్నవి పద్దెనిమిది మెట్లు. మధ్యలో రెండుసార్లు ఆగింది. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి అనుకుంది. ఈమధ్య అన్నిటికీ ఆ మోకాళ్ళనే తిట్టుకోవడం అలవాటైంది ఆవిడకి.

శనివారం మధ్యాహ్నం ల్యాబు ఖాళీ. మేడ మీద, రక్తం తీసే గదిలో ఎండ పడేచోట తమ్ముడు ఒక బొత్తాం విప్పుకుని, కంటికి భూతద్దం బిగించుకుని, ఊపిరి బిగబట్టి స్ప్రింగు సర్దుతున్నాడు. సూదక్క తలుపు దగ్గరికి వేసి, రోగులు కూర్చునే కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఒరేయ్, ఆ అద్దం తీసి ఇటు చూడు."

"ఒక్క నిమిషం అక్కా, స్ప్రింగు..."

"స్ప్రింగు ఎక్కడికీ పోదు. ఇరవై ఏడో నంబరు ట్యూబులో నువ్వేమైనా ఒంపావా?"

తమ్ముడు భూతద్దం తీశాడు. పట్టకారు కింద పెట్టాడు. మళ్ళీ తీసి ఇంకోచోట పెట్టాడు. చిన్నప్పుడు ఇంట్లో గోడ గడియారం విప్పి మళ్ళీ బిగించలేకపోయినప్పుడూ ఇలాగే నీళ్ళు నమిలాడు. నలభై ఆరేళ్ళొచ్చినా ఆ మొహం మారలేదు.

"ఒంపితే ఏమైందక్కా?" అన్నాడు చివరికి. "ఆ రక్తమూ ఆయనదే, ఈ రక్తమూ ఆయనదే. ఒకే మనిషి, ఒకే పూట. మూత రంగులో ఏముంది?"

సూదక్కకి కోపం రావాల్సిన చోట ముందు నవ్వొచ్చింది. ఈ మాట ల్యాబులో పనిచేసేవాళ్ళెవరూ అనరు. తుడిచే ఆవిడ కూడా అనదు. గడియారాలు బాగుచేసేవాడే అంటాడు.

"నీ దగ్గరికి ఎవరైనా వచ్చి ఒక వాచీలో పళ్ళ చక్రం పీకి ఇంకో వాచీలో పెట్టి, రెండూ ఇత్తడేగా అంటే ఊరుకుంటావా?"

"ఎలా ఊరుకుంటాను?"

"మరి నేనెలా ఊరుకుంటానురా? ఊదా మూత ట్యూబు లోపల ఒక ఉప్పు పూసి ఉంటుంది, రక్తం గడ్డకట్టకుండా. ఆ ఉప్పులోనే పొటాషియం ఉంది. అది రక్తంలో కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. ఎర్ర మూత దాంట్లో ఆ ఉప్పు చుక్క కూడా పడకూడదు. అందుకే ఎర్ర మూత ముందు తీసి, ఊదా మూత తర్వాత తీస్తాం. నువ్వు ఒంపింది ఒట్టి రక్తం అనుకున్నావు. ఉప్పు కూడా ఒంపావు."

"నిజంగా నాకు తెలీదక్కా."

"తెలీనప్పుడు అడగాలి. నోరుంది కదా? బొత్తాం నిండకపోతే నిండలేదని చెప్పాలి. నలభైలో ఒకటి నిండకపోతే కొంపలేం మునిగిపోవు. ఒంపి నింపితే మాత్రం మునుగుతాయి. తయారుచేసినవాడే ట్యూబులు నింపుకున్నాడని తెలిస్తే ఇంక నీ బొత్తాన్ని ఎవడు నమ్ముతాడు?" సూదక్క కుర్చీ ఇంకాస్త ముందుకి జరుపుకుంది. "అమ్మ చెయ్యి గుర్తుందా నీకు?"

ఎందుకు గుర్తుండదు? ఆఖరి ఏడాది అమ్మ నరాలు ఎక్కడివక్కడ మాయమైపోయాయి. ఒక పొద్దున సూదక్కే, కన్నకూతురే, తొమ్మిదిసార్లు పొడవాల్సి వచ్చింది. తొమ్మిదోసారి కూడా రాకపోతే అమ్మే ఓదార్చింది, "పర్లేదులేవే, నీకే దొరక్కపోతే ఇంకెవరికి దొరుకుతుంది" అని. తమ్ముడు గుమ్మం బయట గోడకి మొహం పెట్టుకుని నిలబడి అన్నీ విన్నాడు. మర్నాడే దుకాణంలో ఒక పాత వాచీ విప్పి, ఇంత చిన్న స్ప్రింగుతో చర్మం మీద ఎంత బలంగా పొడవొచ్చో చూడడం మొదలుపెట్టాడు. బొత్తాం పుట్టింది ఆ తొమ్మిది పోట్లలోంచే.

"ఆ చేతి కోసం మొదలుపెట్టిన పనిలో మోసం చేస్తావట్రా?"

"మోసం చెయ్యలేదక్కా." ఈసారి తమ్ముడు తల ఎత్తాడు. "నా బొత్తాం నిండింది. అంచు దాకా నిండింది."

"మరి దేంట్లో ఒంపావు?"

వాడు మళ్ళీ పట్టకారు అందుకున్నాడు.

"నిన్నేరా. దేంట్లో ఒంపావు?"

"నీ దాంట్లో."

సూదక్కకి ఆ మాట చెవిన పడింది గానీ లోపలికి దిగడానికి కాస్త సమయం పట్టింది. పొద్దున్నుంచీ ఆవిడ అందరినీ అనుమానించింది. యంత్రాన్ని, బొత్తాన్ని, తోడబుట్టినవాణ్ణి, ఒక్క నిమిషం పాటు డాక్టరమ్మని కూడా. తన చెయ్యి మాత్రం ఆవిడ లెక్కలో లేదు.

"నా ట్యూబుకేం? అది బాగానే..." అని ఆగిపోయింది.

ఆ రోజు కళ్ళ ముందుకొచ్చింది. డ్రైవరు ఎడమ చెయ్యి. మొదటి పోటుకి నరం జారింది. రెండో పోటుకి దొరికినట్టే దొరికి, ఎర్ర మూత ట్యూబు మూడో వంతు నిండేసరికి ఆగిపోయింది. "చలికి నరాలు దాక్కున్నాయి" అని ఆయన్ని నవ్వించి కుడి చేతికి మారింది. అక్కడ ఊదా మూత ట్యూబు నిండుగా వచ్చింది. ఎర్రది ఇంకోటి తియ్యాలి. నాలుగోసారి పొడవడానికి మొహం చెల్లలేదు. మూడో వంతు చాలులే అనుకుని ట్రేలో పెట్టేసింది. అనుకుందో, అలా అనుకోవాలనుకుందో ఆవిడకే తెలియాలి.

"అది కిటికీ దగ్గరికి వెళితే కొలత చాల్లేదని వెనక్కి పంపేస్తారక్కా," తమ్ముడు మెల్లగా చెప్పుకొచ్చాడు. "చీటీ రాసి బోర్డుకి గుచ్చుతారు. వరండాలో కాసేపు నిలబడ్డాను. నా పరీక్షలో, నా వల్ల, ఆ బోర్డు మీద నీ పేరు ఎక్కడమేంటి అనిపించింది. పక్కనే ఊదా మూత ట్యూబు నిండుగా ఉంది. కొంచెం ఒంపేశాను."

ఆ బోర్డు గురించి చెప్పాలి. పనికిరాని ట్యూబు కిటికీ దగ్గరే ఆగిపోతుంది. నంబరు, కారణం, తీసినవాళ్ళ పేరు రాసిన గులాబీ రంగు తిరుగు చీటీ ఒకటి వరండా గోడకున్న బోర్డుకి గుచ్చుతారు. నెల్లాళ్ళు ఉంటుంది, వచ్చేపోయేవాళ్ళంతా చూస్తారు. కొత్తగా చేరినవాళ్ళకి బోర్డు చూపించి, "దీని మీద ఇంతవరకూ ఎక్కని పేరు ఒక్కటే" అని చెప్పడం ఇక్కడ ఆనవాయితీ. ఆ పేరు ఎవరిదో మీకు చెప్పక్కర్లేదు.

"డ్రైవరు నరాలే సన్నం," అంది సూదక్క. "ఎవరు తీసినా అంతే."

"అక్కా."

"ఏం?"

"నువ్వు ఇదివరకు నరం వేళ్ళతో వెతికేదానివి. ఎటో చూస్తూ, కబుర్లు చెబుతూ. ఇప్పుడు కళ్ళతో వెతుకుతున్నావు."

సూదక్క చేతులు ఒళ్ళోకి లాక్కుంది.

"రోజంతా చేతులు చూసుకుంటూ బతికినవాణ్ణి, నాకు తెలీదా? ఆర్నెల్లుగా చూస్తున్నాను. మొన్న పొగలు కక్కే టీ గ్లాసు అడుగు కంటా పట్టుకుని కూర్చున్నావు. కాలట్లేదా అంటే చల్లారిపోయిందన్నావు. నేను ముట్టుకుంటే చురుక్కుమంది."

"వయసురా. యాభై రెండొచ్చాయి."

"అయితే కళ్ళు మూసుకో."

"పిచ్చి వేషాలొద్దు."

"మూసుకో అక్కా. ఒక్కసారి."

మూసుకుంది. అరచెయ్యి పైకి పెట్టమన్నాడు, పెట్టింది. వాడు బల్ల మీది డబ్బా మూత తీసిన చప్పుడు వినపడింది. తర్వాత ఏమీ లేదు.

"చూపుడు వేలి మీద ఏమైనా పెట్టానా?"

సూదక్క ఒళ్ళంతా వేలి కొసకి తెచ్చుకుని చూసింది. ఇరవై ఆరేళ్ళు ఆవిడకి అన్నం పెట్టిన వేలు అది. "లేదు. ఇంకా పెట్టలేదు."

కళ్ళు తెరిచింది. వేలి కొస మీద వాచీలోని పళ్ళ చక్రం ఒకటి ఉంది. పెసరగింజంత. ఎండ తగిలి మెరుస్తోంది. పక్కనే మధ్య వేలి మీద ఇంకోటి ఉంది.

ఏడుపొచ్చింది. ఆపుకోలేదు, ఆపుకోవాలనీ అనుకోలేదు. తమ్ముడు ఆ రెండు చక్రాలూ పట్టకారుతో జాగ్రత్తగా తీసి డబ్బాలో వేసి, ఆ వేళ్ళు పట్టుకుని కూర్చున్నాడు.

"పోనీలే అక్కా," అన్నాడు కాసేపటికి. "నా బొత్తామే నిండలేదని, నా దాంట్లోనే ఒంపుకున్నానని చెప్పేస్తాను. రద్దు చేస్తే చెయ్యనీ. పన్నెండేళ్ళు ఆగినవాణ్ణి ఇంకో అయిదేళ్ళు ఆగలేనా?"

"కవరు విప్పితే పసుపు చీటీ సూదిదని ఎలాగూ తెలుస్తుంది తెలివైనవాడా. అప్పుడు ఇద్దరం దొంగలమవుతాం." సూదక్క కొంగుతో మొహం తుడుచుకుంది. "అయినా తెలియకపోయినా చెప్పనివ్వను. లే, నాతో రా."

మెట్లు దిగి కిటికీ దగ్గరికి వెళ్ళింది. సొరుగులోంచి గులాబీ చీటీల పుస్తకం తీసింది. ఇన్నేళ్ళూ ఆ పుస్తకం ఆవిడ ముట్టుకోలేదు. నంబరు దగ్గర ఇరవై ఏడు అని రాసింది. కారణం దగ్గర, "ఎర్ర మూత ట్యూబులో రక్తం చాలలేదు. తీసినవాళ్ళ చేతికి స్పర్శ తెలియడం లేదు" అని రాసింది. పేరు రాసింది. చింపి, వరండాలోకి వచ్చి బోర్డుకి గుచ్చింది. గుండుసూది దిగిందో లేదో వేలికి తెలియలేదు, కళ్ళతో చూసుకుంది.

వెనక్కి తిరిగేసరికి పెద్ద డాక్టరమ్మ నిలబడి ఉంది. అయిదింటికి ఇంకా గంటన్నర ఉంది. సూదక్క దాచకుండా మొత్తం చెప్పింది. తమ్ముడు తన ముక్క తను చెప్పుకున్నాడు. డాక్టరమ్మ అంతా విని, బోర్డు మీది చీటీ చదివింది.

"ఎన్నాళ్ళుగా?"

"ఆర్నెల్లు."

"నాకెందుకు చెప్పలేదు?"

"సూది తీసేసుకుంటారని."

"తీసేసుకుంటాను. ఇవాళ్టి నుంచే," అంది డాక్టరమ్మ. ఆ మాటలో కటువు లేదు, బుజ్జగింపూ లేదు. "ఇరవై ఏడుని పక్కన పెట్టి, ఎందుకు పెట్టామో రాసి, మిగతా ముప్పై తొమ్మిదితో కమిటీ ముందుకి వెళతాను. ఒప్పుకుంటారో లేదో నేను చెప్పలేను. ఆ సంగతి తర్వాత. వేళ్ళు ఊరికే మొద్దుబారవు. మీ రక్తం ఎప్పుడు చూపించుకున్నారు?"

ఊళ్ళోవాళ్ళందరి రక్తం తీసిన మనిషి తన రక్తం ఒక్కసారీ ఇచ్చుకోలేదు. "షుగరే అయ్యుంటుందిలెండి, అమ్మకీ ఉండేది" అని గొణిగింది.

తమ్ముడు అప్పటికే జేబులోంచి బొత్తాం ఒకటి తీశాడు. జబ్బ మీద స్పిరిట్ దూదితో తుడిచి, అతికించి నొక్కాడు. టిక్కుమంది, అంతే. సూదక్క వంగి చూసుకుంది. బుల్లి ట్యూబులో చుక్క, దాని వెనక ఇంకో చుక్క. "అమ్మకి ఇది ఉండుంటే ఎంత బాగుండేదిరా" అంది. తమ్ముడు తల తిప్పుకున్నాడు. ట్యూబు నిండింది, రెండోదీ నిండింది. డాక్టరమ్మ వాటి మీద నలభై ఒకటి అని రాసి లోపలికి తీసుకెళ్ళింది.

ముప్పావుగంటకి కాగితంతో బయటికి వచ్చింది. కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చదివింది.

"షుగరు లేదు."

"హమ్మయ్య!" అన్నాడు తమ్ముడు.

"ఆగండి. హిమోగ్లోబిన్ పన్నెండు ఉండాలి. ఇందులో నాలుగున్నర ఉంది. రక్తకణాలు కూడా ఉండాల్సినట్టు లేవు." డాక్టరమ్మ కాగితంలోంచి తలెత్తి సూదక్కని ఎగాదిగా చూసింది. "దీని ప్రకారం మీరు మెట్లెక్కడం మాట అటుంచి, ఇలా నిలబడి ఉండకూడదు. అంటే బొత్తామైనా తప్పు చెబుతుండాలి, లేదా ఇది నిజమై, మీకు పెద్ద జబ్బైనా ఉండాలి. తప్పైతే ఆ ముప్పై తొమ్మిదీ నేను నమ్మను. కవరు విప్పకుండానే పరీక్ష మూసేస్తాను. సూదితో తీసి పోల్చి చూడాలి. ఇప్పుడే."

"తప్పే," అన్నాడు తమ్ముడు గబగబా. "బొత్తామే తప్పు చెబుతోంది డాక్టరమ్మా. ఒక్కోసారి తక్కువ చూపిస్తుంది. అది పనికిరాదు, నాకు ముందే తెలుసు. అది తప్పే."

సూదక్క వాడి వంక చూసింది. పన్నెండేళ్ళ చాకిరీని అక్క కోసం ఒక్క గుక్కలో కాదనేసిన మొహం అది. మెట్ల మీద రెండేసిసార్లు ఆగింది ఎందుకో ఆవిడకి అప్పుడు అర్థమైంది. పాపం ఆ మోకాళ్ళు ఏ తప్పూ చెయ్యలేదు.

"నోరు మూసుకోరా," అంది మెల్లగా. "నీ బొత్తాం తప్పు చెప్పదు."

వరండాలో బల్ల మీదే కూర్చుని తనే రబ్బరు పట్టీ జబ్బకి బిగించుకుంది. పిడికిలి మూసి చెయ్యి చాపింది. డాక్టరమ్మ సూది పట్టి ఎన్నేళ్ళైందో, రెండు ట్యూబులూ చేతిలో పట్టుకుని తటపటాయిస్తోంది.

"ఎర్ర మూత ముందు, డాక్టరమ్మా," అంది సూదక్క. "నిండుగా తియ్యండి."